స్వర్ణకుమారి గుండెలో విజయవాడ టైము

కెనడాలో మా ఏజాక్స్ ఊరి తెలుగు సహవాసంలో పాట ఎత్తేది స్వర్ణకుమారి. ఆమెది నర్సాపురం. చర్చి ఇంగ్లీషువాళ్ళది, పొద్దున వాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మాకు అద్దెకిస్తారు. కాలేజీ పిల్లలు కెనడాకు గుంపులుగా దిగిన రోజులవి. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే ఆమెకు రెండో చరణానికల్లా ఊపిరి అందకుండా పోవడం మొదలైంది. అంతకు కొద్దిరోజుల ముందే ఇండియా వెళ్ళి విజయవాడలో పేస్‌మేకర్ పెట్టించుకుని వచ్చింది. గుండె నెమ్మదిస్తే తట్టి నడిపించే మిషను అది. క్లినిక్‌లో చూసి అంతా బాగుందన్నారు. కూతురు ఫెయిత్ ఏమో అమ్మకు వయసు మీద పడిందన్నది. సంఘపెద్ద సువార్తరాజు గారు ఇంటికొచ్చి, టీ తాగి, ఈస్టర్ నుంచి పాటలు స్టూడెంట్లకు అప్పగిద్దామన్నారు. ఆమె కూర్చుని చప్పట్లు కొడితే చాలట.

“చప్పట్లు మీరు కొట్టండి రాజుగారూ. పాట నేను పాడతా,” అంది స్వర్ణకుమారి.

అడగకుండా ఊరుకునే గుణం నాకు లేదు. ఓ పొద్దున వాళ్ళింటికి కాఫీకి వెళ్తే ఆమె గిన్నెలు తోముతూ ఇల్లు అదిరేలా పాడుతోంది. మధ్యాహ్నానికి ఆ గొంతు ఎక్కడికి పోతోందని అడిగాను. ఆమె చేతిలో గిన్నె ఆగింది. క్లినిక్‌కు తనెప్పుడూ పొద్దున్నే వెళ్ళిందట.

మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ దొరకలేదు. మళ్ళీ పొద్దునే వెళ్ళాం, మళ్ళీ బాగుందన్నారు. స్వర్ణకుమారి వెయిటింగ్ హాల్లో కూర్చుండిపోయింది.

“అమ్మా, ప్లీజ్. వాళ్ళకి పనుంటుంది,” అంది ఫెయిత్.

“నాకూ ఉంది పని. నాకు బాగోలేనప్పుడు చూడమను. అప్పటిదాకా కదలను.”

నేను కట్టుకెళ్ళిన పులిహోర అక్కడే తిన్నాం. కాసేపటికి ఆమె మొహం పాలిపోయింది. ఫెయిత్ పరుగున వెళ్ళి టెక్నీషియన్‌ను పిలుచుకొచ్చింది. అతను మళ్ళీ పరీక్షించి, కనుబొమలు ముడిచి, మిషను ఏ దేశంలో పెట్టారని అడిగాడు.

నిద్రలో గుండెకు అంత వేగం అక్కర్లేదని, రాత్రిపూట మిషను నెమ్మదించేలా పెడతారట. ఎప్పుడు రాత్రయిందో దానికి లోపలి గడియారమే చెప్పాలి. ఆ గడియారం ఇంకా విజయవాడలోనే ఉంది. మేం భోంచేసే వేళకు అక్కడ రాత్రి. ఈమె నిలబడి పాడుతుంటే మిషను జోకొడుతోంది. పొద్దున చూసినవాళ్ళకు అనుమానమెలా వస్తుంది? అతను గడియారాన్ని ఇక్కడి టైముకు మార్చాడు.

ఈస్టర్‌నాటికి సువార్తరాజు గారు మైకు స్పందన అనే స్టూడెంట్‌కు ఇచ్చేశారు. స్వర్ణకుమారి నేరుగా ముందుకు నడిచి పాట ఎత్తింది. ఆ పిల్ల మైకు అందించబోతే అక్కర్లేదని తల ఊపింది. గోడ దగ్గరి పిల్లలంతా గొంతు కలిపారు. నాలుగో చరణం కాగానే సువార్తరాజు గారు ఇక చాలన్నట్టు చెయ్యెత్తారు. ఆమె ఆయన వైపే చూస్తూ ఐదోది మొదలుపెట్టింది.