యెర్రయ్య మనవరాలు

పోయిన గురువారం పొద్దున పదింటికి ఫోన్ మోగింది. డాక్టరమ్మ గారి భర్త. "మీ డాక్టరమ్మ వెళ్లిపోయిందమ్మా. హాస్పిటల్లోనే, డ్యూటీలో ఉండగానే. హార్ట్ ఎటాక్" అన్నారు. ఏమనాలో తోచక "ఇంగ్లండు లెటర్ టైప్ చేస్తున్నానండీ, సగం అయింది" అన్నాను. ఆయన "ఇంక అక్కర్లేదులేమ్మా" అని పెట్టేశారు.

ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ "అక్కర్లేదు" మీద వారం రోజులుగా నాకు కోపం తగ్గడం లేదు.

ఇక్కడ అమెరికాలో, అరోరాలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవారు వాళ్లు. డెబ్బైల చివర మేం వచ్చిన కొత్తలో ఆ వీధిలో తెలుగు వినిపించే ఇల్లు అదొక్కటే. ఆవిడ పెథాలజిస్టు. మా పిల్లలకు ఆంటీ, నాకు డాక్టరమ్మ గారు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ అందుకోబోతూ బల్ల మీదున్న టైప్‌రైటర్ చూసి ఆగిపోయారు.

"టైపింగ్ వచ్చా నీకు?"

"కాకినాడలో హయ్యర్ పాసయ్యానండీ."

"బతికించావు. నా రైటింగ్ మా ల్యాబ్ వాళ్లు తప్ప ఎవరూ చదవలేరు. ఇంగ్లండు వాళ్లయితే చదవడానికి ట్రై కూడా చెయ్యట్లేదు."

అలా మొదలైంది. ఎనిమిదేళ్లు ఆవిడ చెప్పారు, నేను టైప్ చేశాను.

ఆవిడ తాతయ్య పేరు యెర్రయ్య. కాకినాడ రేవులో ఓడెక్కి, బాయిలర్లలో బొగ్గు వేసే పనికి వెళ్లాడు. ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో ఒక రేవు పట్టణంలో దిగిపోయాడు. అక్కడినుంచి ఇంటికి ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. అందులో ఉన్న నాలుగు వాక్యాలూ డాక్టరమ్మ గారికి కంఠతా వచ్చు. "నేను క్షేమం. ఇక్కడ ఓడ పనివాళ్ల సంఘంలో చేరాను. పేరు రాసుకుని పుస్తకం ఇచ్చారు. ఇక నన్ను ఊరికే పొమ్మనలేరు." ఆ తర్వాత ఏమీ లేదు. పోయాడో, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడో ఎవరికీ తెలియలేదు.

"మా మామ్మ చచ్చిపోయేదాకా బొట్టు పెట్టుకుంది" అని ఒకసారి చెప్పారు. "పేరంటానికి పిలవాలో వద్దో ఊళ్లో వాళ్లకి తెలిసేది కాదు. వాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని తనే వెళ్లడం మానేసింది. మనిషి ఎలా పోయాడో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. మా తాతయ్యకి ఆ ఒక్క లైను రాయలేకపోతున్నాను."

ఆవిడ చేతిలో ఉన్న ఆధారమల్లా ఆ సంఘం ఒక్కటే. అందుకని అటునుంచే వెతికారు. బ్రిటిష్ కార్మిక సంఘాల చరిత్రలు లైబ్రరీ ద్వారా ఎక్కడెక్కడినుంచో తెప్పించుకుని, లంచ్ టైములో చదివేవారు. ఏ రేవులో ఏ శాఖ ఉండేది, ఏది దేంట్లో కలిసిపోయింది, ఇప్పుడు ఎవరికి రాయాలి అని చీటీలు రాసుకునేవారు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నిలబడి, కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని డిక్టేట్ చేసేవారు. కూర్చునేవారు కాదు. నేను మర్యాదకని ఇంకో "ప్లీజ్" చేరిస్తే ఒప్పుకునేవారు కాదు. "ఒక్క ప్లీజ్ చాలు. రెండోది పెడితే, లేకపోయినా ఫరవాలేదులే అనుకుంటారు."

జవాబులు మర్యాదగానే వచ్చేవి. యుద్ధంలో బాంబులు పడి పుస్తకాలు కాలిపోయాయని ఒకరు. శాఖ మూసేశారు, ఫలానా ఆఫీసును అడగండని ఒకరు. ఆ ఫలానా ఆఫీసు మళ్లీ మొదటివాళ్లనే అడగమనేది. యెర్రయ్యను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో పద్నాలుగు స్పెల్లింగులతో లిస్టు టైప్ చేశాను. మాకు ఇంటిపేరు ముందు వస్తుందని ప్రతి ఉత్తరంలోనూ వివరించాను. "అటువంటి పేరు లేదు" అని ఒక్క వాక్యం వచ్చేది.

"'లేదు' అనేది రిజల్ట్ కాదమ్మా. 'చూశాం, లేదు' అనేది రిజల్ట్. మళ్లీ రాయి."

ఒక జవాబు మాత్రం నాకు మరపు రాదు. ఆ రోజుల్లో "అటువంటివారిని" సాధారణంగా సభ్యులుగా చేర్చుకునేవారు కాదని రాశారు. ఆవిడ ఆ కాగితం పట్టుకుని మా వంటింట్లో అటూ ఇటూ తిరిగారు.

"అటువంటివారంటే ఎవరు? పనివాళ్లందరూ అన్నదమ్ములని పేజీలకు పేజీలు రాసుకున్నారే, ఆ అన్నదమ్ముల్లో బాయిలర్ దగ్గర కాలిపోయినవాడు లేడా? లేకపోతే మా తాతయ్య మామ్మకి అబద్ధం రాశాడా?"

నేను వెళ్లి టైప్‌రైటర్‌లో కొత్త కాగితం ఎక్కించాను. 

ఏడో ఏట చలికాలంలో ఒకరోజు, కోటు కూడా వేసుకోకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు. వేల్స్‌లో ఒక రిటైరైన శాఖ కార్యదర్శి తన గరాజులో ఉన్న పాత పుస్తకాలు తిరగేసి ఒక పేజీ జిరాక్సు పంపాడు. మీరడిగిన పేరు లేదు గానీ ఒక సంతకం మాలో ఎవరికీ అర్థం కాలేదు, మీ భాషేమో చూడండి అని రాశాడు. ఇంగ్లీషులో గుమాస్తా ఏదో "పాల్" అని రాసుకున్నాడు. పక్కన, వణికిన గుండ్రటి అక్షరాలతో తెలుగు. చివర చనిపోయిన తేదీ.

డాక్టరమ్మ గారు వేలు పెట్టి కూడబలుక్కుని చదివారు. "మై... మైలపల్లి పోలయ్య." కాగితం బల్ల మీద పెట్టేశారు. "మా తాతయ్య కాదమ్మా."

కాసేపటికి తల పట్టుకున్నారు. "ఇన్నేళ్లూ ఇంగ్లీషు పేరు వెతకమన్నాను చూడు! సంతకాలు చూడమనాల్సింది." మళ్లీ అన్ని చోట్లకూ రాశాం, చదవలేని సంతకాలుంటే కాపీలు పంపమని. అరబ్బీ వచ్చింది, బెంగాలీ వచ్చింది, ఒకటైతే ఒట్టి సిరా మరక. యెర్రయ్య రాలేదు.

మరి ఈ పోలయ్య వాళ్లవాళ్లు ఎక్కడో ఉండి ఉంటారు కదా అన్నాను. కసురుకున్నారు. "నా తాతయ్యే దొరక్క నేనేడుస్తుంటే ఇంకొకళ్ల తాతయ్యని నెత్తిన పెడతావేం?"

మూడు వారాల తర్వాత ఫోన్ చేశారు. "ఖాళీయేనా? టైపింగ్ కాదు. తెలుగులో చేత్తో రాయాలి, నీ రైటింగ్ బావుంటుంది." మైలపల్లి ఇంటిపేరువాళ్లు తీరం వెంట ఎక్కువని, కాకినాడ నుంచి భీమిలి దాకా సముద్రం పక్క ఊళ్ల పోస్టుమాస్టర్లకు ఒకే ఉత్తరం ఇరవైరెండుసార్లు రాశాను.

ఏడాది తిరగకుండా జవాబొచ్చింది. ఆ ఉత్తరం కారులో పెట్టుకునే ఆ రోజు పోస్టాఫీసుకు ఇద్దరం కలిసి వెళ్లాం. పోలయ్య కూతురు బతికే ఉంది. తండ్రి వెళ్లేటప్పటికి కడుపులో ఉన్న బిడ్డ, ఇప్పుడు డెబ్బై దాటిన ముసలమ్మ. స్కూలు మాస్టారి చేత రాయించింది. "తేదీ తెలిసింది కాబట్టి ఈ ఏడు మా అయ్యకు నా కొడుకు చేత పిండం పెట్టించాను. మీరెవరో తెలియదు. మీ తాతగారికి కూడా మా ఇంట ఒక ముద్ద తీశాము."

"చూశావా, వాళ్లకి తేదీ దొరికింది" అన్నారు డాక్టరమ్మ గారు. అందులో అసూయే ఉంది. దాచుకోలేదు.

పోయినవారి గురించి రాసేటప్పుడు వాళ్ల కోరిక ఏదో విధంగా తీరిందని రాస్తారు. నేను రాయలేను. యెర్రయ్య దొరకలేదు. ఎవరి గరాజులోనో ఆయన పేజీ ఉండే ఉంటుంది, తెరిచేవాళ్లు లేరు. కానీ ఆ మనిషి నాకు నేర్పింది నేను మరవను. మర్యాదగా "లేదు" అన్నవాళ్లను మర్యాదగానే మళ్లీ అడగవచ్చని ఆవిడ వల్లే తెలిసింది.

పోలయ్య కూతురి ఉత్తరం వచ్చిన ఆ రోజు నేను స్టాంపులకని పోస్టాఫీసు లోపలికి వెళ్లి తిరిగొచ్చేసరికి మంచు ఆగిపోయింది. పార్కింగ్ లాట్‌లో ఆవిడ కారులోనే ఉన్నారు. పొడి అద్దం మీద వైపర్లు కిర్రుమంటూ తిరుగుతున్నాయి, వాటి సంగతే ఆవిడకు పట్టలేదు. ఆ ఉత్తరాన్ని స్టీరింగ్ మీద పరుచుకుని, ఒక్కో పదం మీద వేలు కదుపుతూ, పెదవులతో మళ్లీ మొదటినుంచి చదువుకుంటున్నారు.