కుండమార్పిడిలో కొసరు

ఆ రోజుల్లో మా ఊళ్ళో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళకన్నా దాని గురించి వాదించేవాళ్ళే ఎక్కువ. ఆ రోజులంటే మరీ పాతరోజులేం కాదు లెండి. ఫోనుల్లో డేటా చవకై, అమెరికాలో రాత్రి జరిగే ఆటలు మేం పళ్ళు తోముకునే వేళకు కళ్ళముందుకొచ్చిన కొత్తరోజులు. మిషన్ స్కూలు కోర్టు పక్క మెట్ల మీద, ఎవరి ఫోనులో ఛార్జింగ్ ఉంటే వాళ్ళ చుట్టూ మూగేవాళ్ళం. ఫిబ్రవరి వచ్చిందంటే గొడవ మరీ ముదిరేది. అక్కడ జట్లు ఆటగాళ్ళను మార్చుకునే గడువూ, ఇక్కడ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే అదునూ ఒకేసారి వచ్చేవి. దాంతో మా వాదనల్లో ప్రతి గొప్ప మాటా సగంలో తుమ్ముతో తెగిపోయేది.

ఆ ఏడు అక్కడ ఒక జట్టు, ఇంకా మీసమైనా సరిగ్గా రాని తన కుర్ర స్టార్‌ని ఇద్దరు ముదురు ఆటగాళ్ళకు బదులుగా ఇచ్చేసింది. మా ఊరు రెండుగా చీలింది. విజిల్ మాస్టారు (ఈయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, మెడలో విజిల్ మాత్రం రిటైర్ కాలేదు) "ఇంట్లో ఎదిగే పిల్లాణ్ణి బజార్లో పెట్టారు వెధవలు" అని ఆ పూట టిఫిన్ మానేశారు. ఆటో బాబాయి మాత్రం బడిపిల్లలు నిండా ఉన్న ఆటోని రోడ్డుపక్కన ఆపి మరీ, "కప్పు ఈ ఏడు కావాలా మాస్టారూ, వాడు పెద్దోడయ్యేదాకా గుడ్లప్పగించి కూర్చోవాలా?" అని కలియబడేవాడు. ఆ జట్టు ఊరు మ్యాపులో ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. నేను కోల్డ్ స్టోరేజీలో కాటా గుమస్తాని. ఎటు వాదన గట్టిగా వినిపిస్తే అటు తల ఊపేవాణ్ణి.

మా ఊరికీ ఒక కుర్ర స్టార్ ఉండేది. మా చెల్లి. డిగ్రీ అయ్యి, పీఈటీ ట్రైనింగులో సీటు కోసం చూస్తూండేది. ఇంట్లో ఉన్న పొడుగంతా తనకే పోయింది, నాకు మిగిలినదాన్ని మీరు ఊహించుకోండి. తను బంతి పట్టుకుంటే మెట్ల మీద ఉన్న మా అందరికీ మాట పడిపోయేది. ప్రాక్టీసులో నా పని రింగు కింద నిలబడి బంతులు ఏరి ఇవ్వడం, మ్యాచుల్లో స్కోరు రాయడం. టోర్నమెంటుకి చీరాల అమ్మాయిల జట్టు వచ్చినప్పుడల్లా ఎడమచేత్తో షాట్లు వేసే ఒకమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి "స్కోరెంతండీ?" అని అడిగేది. స్కోరు ఎదురుగా బోర్డు మీద ఇంతింత అంకెల్లో ఉండేది. (మా ఆవిడ ఇది చదువుతుంది కనక, ఆ అమ్మాయికి చూపు ఆనేది కాదేమో అని ఇక్కడే చెప్పేస్తున్నాను.)

సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, అమ్మ మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది. చీరాల నుంచి కుండమార్పిడి సంబంధం వచ్చిందట. మా చెల్లిని వాళ్ళబ్బాయికి, వాళ్ళమ్మాయిని నాకు, రెండు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో. వాళ్ళబ్బాయి ఎవరో కాదు, ఆ ఎడమచేతి అమ్మాయి అన్నయ్యే. అతనూ చీరాల మగవాళ్ళ జట్టులో ఆడేవాడు. నేను మర్నాడు కాటా దగ్గర ఎంత పరధ్యానంగా ఉన్నానంటే, టిక్కీలతో (మిర్చి బస్తాల్ని మావైపు అలాగే అంటారు) పాటు హమాలీని కూడా తూకం వేశాను. అతను దిగి, "ఏం బాబూ, నన్ను కూడా లోపల పెడతావా?" అన్నాడు.

వార్త మెట్ల మీదికి చేరడంతో అమెరికా గొడవ అక్కడికక్కడే ఆగిపోయింది. ఇంతకన్నా పెద్ద ట్రేడ్ ఎక్కడుంది? "మన స్టార్‌ని ఇచ్చేసి వాళ్ళ షూటర్‌ని తెచ్చుకుంటామా? ఎక్కడన్నా తూగుతుందా అది?" అని మాస్టారు తల పట్టుకున్నారు. "ఎడంచేతి షూటర్ మన దగ్గర లేదుగా మాస్టారూ, పైగా పెళ్ళయ్యాక మనూరి పిల్లేగా" అన్నాడు ఆటో బాబాయి. "మరి వీడో?" అని ఎవరో నన్ను చూపించారు. మాస్టారు నన్ను కిందినుంచి పైదాకా చూసి (ఎక్కువసేపు పట్టలేదు), "వీడిదేముందిరా, కొసరు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా మనసు మాత్రం ఆటో బాబాయి పార్టీలో ఎప్పుడో చేరిపోయింది. ఆ అమ్మాయి మా ఇంటికి రావాలి. అంతకు మించి ఆ ఏడు నాకు ఏ కప్పూ అక్కర్లేదు.

చీరాలవాళ్ళు చూడ్డానికొచ్చిన రోజు మాస్టారూ బాబాయీ 'పెళ్ళికొడుకు తరఫు పెద్దలం' అంటూ ముందు వరసలో కూర్చున్నారు. కాఫీలయ్యాయో లేదో మాస్టారు ఆగలేక, "అమ్మా, ఫ్రీ త్రో వేసేటప్పుడు మోకాలు వంచుతావా?" అని అడిగారు. వాళ్ళ నాన్నగారు ఉలిక్కిపడ్డారు. ఆ అమ్మాయి మాత్రం తల వంచుకునే, "వంచుతానండీ, లేకపోతే బంతి రింగుకి ఇవతలే పడిపోతుంది" అంది. ఇంత చక్కటి పెళ్ళిచూపులు లోకంలో జరిగి ఉండవని నాకనిపించింది. మా చెల్లి మాత్రం ఒక మూల నిలబడి, వాళ్ళబ్బాయి జంతికల పళ్ళేన్ని తన వైపు లాక్కుని తినడం చూస్తూ ఉంది.

వాళ్ళు వెళ్ళాక చెల్లి ఎటూ తేల్చలేదు. "నువ్వడిగితే కాదనదురా, వెళ్ళి అడుగు" అని అమ్మ నన్ను కోర్టుకి తరిమింది. పొద్దువాలుతోంది. చెల్లి ఒక్కతే షాట్లు వేసుకుంటోంది. అలవాటు కొద్దీ నేను రింగు కింద నిలబడి బంతులందిస్తూ, ఏమనుకుంటున్నావని అడిగాను.

"ఆ అబ్బాయి ఆట చూశావుగా అన్నయ్యా? బంతి చేతికొస్తే ఇంకెవరికీ ఇవ్వడు. పక్కన తన జట్టువాడు ఖాళీగా నిలబడి చెయ్యి చాస్తున్నా కనపడదు. అలాంటి మనిషి పెళ్ళయ్యాక నన్ను ఆడనిస్తాడా?"

చెల్లి బంతిని చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చింది. "ఇదొక్కటీ చెప్పు. నీకా అమ్మాయంటే ఇష్టమా?"

నేను, "అబ్బే, అదేం లేదు" అన్నాను.

చెల్లి నా మొహంలోకి చూసి, "సరే అయితే" అని మళ్ళీ షాట్లు వేసుకోవడం మొదలుపెట్టింది. కుండమార్పిడిలో ఒక పెళ్ళి వద్దంటే రెండోదీ వద్దన్నట్టే. నాన్న చీరాలకు ఫోను చేసి మర్యాదగా చెప్పేశారు. మెట్ల మీద పండగైంది. ఆటో బాబాయి కూడా పార్టీ మార్చి బజ్జీలు పంచాడు, మాస్టారు విజిలు ఊదారు. నేను కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల మధ్య నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఆ ఉద్యోగంలో ఉన్న సుఖం అదే, ఎందుకని ఎవరూ అడగరు.

తర్వాతి టోర్నమెంటులో ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది. స్కోరు అడగలేదు. "మీ చెల్లెలు వద్దందట. మీరేమన్నారు?" అంది. "నన్నెవరూ అడగలేదండీ" అన్నాను. "నన్ను కూడా" అని, నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. నేను చెప్పింది అబద్ధమని తనకు తెలియదు. ఆ మరుసటి ఏడు ఒంగోలువైపు సంబంధం చేసుకుందని విన్నాను.

మా చెల్లి ఇప్పుడు పీఈటీ టీచరు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, సాయంత్రాలు ఇంకా ఆడుతుంది. మొన్న ఇంటికొచ్చినప్పుడు ఏదో మాటల్లో అంది: "ఆ రోజు నువ్వు ఇష్టమే అనుంటే నేను ఒప్పేసుకునేదాన్ని అన్నయ్యా. అలా అనుకునే అడిగాను." మా ఆవిడ వడ్డిస్తూ ఉంది, నేను పప్పు బాగుందన్నాను.

అది త్యాగమని మీరనుకుంటే మీ మంచితనం. నాకంత లేదు. చెల్లెలి ముందు ఒక పిల్ల పేరెత్తడానికి సిగ్గేసి ఆ మాట అన్నాను, అంతే. ఆ సిగ్గు వల్ల చెల్లి ఆట చెల్లికి దక్కింది, నాకు దక్కాల్సింది ఒంగోలు వెళ్ళిపోయింది. రింగు కింద నిలబడి "అబ్బే" అన్న ఆ పొట్టి కాటా గుమస్తాని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. చెల్లి తన జవాబు కోసమే ఆగిందని తెలిసినా వాడు ఆ మాటే అనేవాడని చెప్పుకోవాలని ఉంది. ఎంత ప్రయత్నించినా నమ్మకం కుదరడం లేదు.