ఫ్రీజర్ తాళంచెవి

కాస్త ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది.

మా ఆయన రాయ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగంలో ఉండగానే నేను ఒక పరిశోధనశాలలో పనికి చేరాను. గాజు సామాను కడగడం, నేల తుడవడం, పొద్దున్నే తాళాలు తీయడం. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. అయినా పెద్ద ఫ్రీజర్ తాళంచెవి ఆరేళ్ళు నా కొంగునే ఉంది. తలుపు వేశాక పిడి పట్టి ఒకసారి గుంజి, రబ్బరు అంచు చుట్టూ వేలితో తడిమితే గానీ అక్కణ్ణించి కదిలేదాన్ని కాదు.

అక్కడికి విశాఖ వైపు నుంచి ఒకమ్మాయి పరిశోధనకు వచ్చింది. అందరికీ నేను దీదీని, ఆమెకు మాత్రం పిన్నిని. మధ్యాహ్నం నా డబ్బాలో గోంగూర పచ్చడి సగం ఆమెదే. తింటూ తన పని గురించి చెప్పేది. ఒకసారి చిటికెన వేలంత సీసా చూపించింది. నాకు ఖాళీగానే కనబడింది. అడుగున తెల్లటి పొర ఉందట, అదొక ప్రోటీనట. మన ఒంట్లో జబ్బుతో పోరాడే కణాలకు లేవండని కబురు చెప్పేది అదేనట. మనిషిదే గానీ మనిషి నుంచి తీయరు, సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తారు. ఆ పొరను కరిగించాక చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి గడ్డకట్టించాలి, ఒక్కో గొట్టం ఒక్కసారే బయటికి తీయాలి, మళ్ళీ మళ్ళీ కరిగించి గడ్డకట్టిస్తే దాని సత్తువ పోతుంది. ఇదంతా ఆమె నోటితో చెప్పిందే.

ఆ వారం పని తొందరలో ఆమే పంచలేదు. మొత్తం ఒకే గొట్టంలో ఉంచి, రోజూ తీసి కరిగించుకుని మళ్ళీ లోపల పెట్టేది. తాళం తీసేది నేనే కదా, చూశాను. అడిగాను కూడా. రేపు పంచుతాలే పిన్నీ అంది.

ఆ తర్వాత అది ఎంత వేసినా కణాలు లేవలేదు. నెలల పని పోయింది. పరిశోధనశాల పెద్ద సార్ అందరినీ నిలబెట్టి ఏం జరిగిందని అడిగారు. ఆమె నా వైపు చూడకుండా హిందీలో అంది.

"దీదీ నే దర్వాజా ఠీక్ సే బంద్ నహీ కియా హోగా, సర్."

తలుపు నేను సరిగా వేసి ఉండనట. తలుపే తెరిచి ఉంటే లోపలివన్నీ పాడవ్వాలి గదా, ఇదొక్కటే ఎలా పాడైందని ఒక్కరూ అడగలేదు. నిజం చెబితే ఆ పిల్ల చదువు ఏమవుతుందోనని నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలోనే సార్ తాళంచెవి ఇమ్మని చెయ్యి చాచారు. కొంగు ముడి బిగిసిపోయి ఎంతకీ రాలేదు. అది విప్పేదాకా అందరూ చూస్తూ నిలబడ్డారు.

మర్నాటి నుంచి నా పని గాజు సామాను దగ్గరే. మూడో రోజు, ఎవరూ లేకుండా చూసుకుని, ఆమె కుళాయి దగ్గరికి వచ్చింది.

"తప్పు నాదే పిన్నీ. భయమేసింది. ఏటీ అనుకోకు."

తెలుగులో అంది. అక్కడ మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియని మాటల్లో.

"నన్ను హిందీలో, అందరి ముందూ అన్నావు తల్లీ. ఇదీ అలాగే అను" అన్నాను.

తల ఊపింది. చదువు పూర్తిచేసుకుని వెళ్ళేదాకా అనలేదు. నేనూ మళ్ళీ డబ్బాలో రెండో చెంచా పెట్టుకెళ్ళలేదు.

ఇప్పటికీ ఇంట్లో ఫ్రిజ్ వేశాక రబ్బరు అంచు తడిమి చూస్తాను. మనవరాలు నవ్వుతుంది.

మీ ఇంట్లో తాళంచెవి ఏ తల్లి కొంగున ఉన్నా, దాన్ని నలుగురిలో విప్పి ఇవ్వాల్సిన రోజు ఆమెకు రాకూడదు. మీ ఇల్లు చల్లగా ఉండాలి.