అద్దాల మేడలో బాబాయి నేసిన పచ్చ చార

మా వీరాంజనేయులు బాబాయి చీరాలలో నలభై ఏళ్లుగా గుంట మగ్గం మీద చీరలు నేస్తున్నాడు. అలాంటివాడికి రెండేళ్ల కిందట ఒక వింత పని వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ కొత్తగా ప్రధాన కార్యాలయం కట్టుకుంటోందట. దాని లోపలి గోడకు వేలాడదీయడానికి ఏడు పట్టీలు కావాలన్నారు. ఒక్కోటీ ముప్పై అడుగుల పొడవు. అడుగున మిరపపండు ఎరుపు, పైకి పోయేకొద్దీ పలచబడుతూ చివరికి పత్తి తెలుపు, మధ్యలో ఒక పచ్చ చార. ఆరు నెలలు నేసి పంపించాడు. అప్పటినుంచీ నన్ను ఎప్పుడు చూసినా ఒకటే ప్రశ్న. "ముప్పై అడుగుల గోడంటే ఏపాటి ఉంటదమ్మా సుజాతా? దాన్ని ఇల్లనే అంటారా?" మగ్గం దగ్గర కూర్చున్నవాడికి నేసిన గుడ్డ మూరెడే కనిపిస్తుంది. మిగతాది ఎప్పటికప్పుడు ముందున్న దోనెకు, అంటే బట్ట చుట్టుకునే గుండ్రటి కర్రకు, చుట్టుకుపోతుంది. కాబట్టి తాను నేసిన ఏడు పట్టీలనూ ఆయన పక్కపక్కన ఎన్నడూ చూడలేదు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వేసవి సెలవులు ఇవ్వగానే ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, రమ్మన్నాక ఇద్దరికీ టికెట్లు తీశాను.

చీరాలలో రాత్రి రైలెక్కితే తెల్లవారి ఆరింటికల్లా సికింద్రాబాదు. స్లీపర్ టికెట్ మనిషికి మూడొందల లోపే అయింది. వెయిటింగ్ హాల్లో స్నానాలు చేసి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఎనిమిది దాటాక ఎంఎంటీఎస్ రైలెక్కాం. ముప్పావుగంటలో హైటెక్ సిటీ స్టేషన్లో దిగాం. అక్కడి నుంచి ఆటోకి ముప్పై రూపాయలు.

"ఇంటర్వ్యూ ఉన్నదా మేడమ్?" అన్నాడు ఆటో అతను.

"ఇంటర్వ్యూ కాదయ్యా, నేను నేసిన గుడ్డ చూసుకోడానికి పోతన్నాం," అన్నాడు బాబాయి.

ఆటో అతను వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "రోజు గేటు కాడ దింపుతనే ఉంట గానీ, లోపల ఎట్లుంటదో ఎన్నడు చూడలే. పోనిస్తే మంచిగ చూసి రా పెద్దాయనా," అన్నాడు.

బండరాళ్ల మధ్య ఇరవై అంతస్తుల మేడ. నిలువెల్లా అద్దాలే. బాబాయి తల బాగా వెనక్కి వాల్చి అంతస్తులు లెక్కపెట్టాడు. పన్నెండు దగ్గర తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. గేటు దగ్గర పేర్లు రాసుకుని, ఫోటోలు తీసి, మెళ్లో కార్డులు వేసి లోపలికి పంపేసరికి పావుగంట పట్టింది.

లోపల అడుగు పెట్టగానే చల్లగాలి మొహానికి కొట్టింది. ఎదురుగా మూడంతస్తుల ఎత్తు గోడ. దాని మీద ఏడు పట్టీలు. మా వీధి చివర చీకటి గదిలో నేసిన గుడ్డేనా ఇది అనిపించింది. చప్పట్లు కొట్టబోయి బాబాయి మొహం చూసి ఆగిపోయాను. ఆయన చూపు మధ్య పట్టీ మీదే ఆగిపోయి ఉంది. ఏడు పట్టీల మీదుగా ఒకే గీతలా సాగాల్సిన పచ్చ చార, నాలుగో దాని దగ్గర జానెడు కిందికి జారింది.

"అది నేసేటప్పుడు వానలకి గుంటలోకి నీళ్లొచ్చినయ్యమ్మా," అన్నాడు మెల్లిగా. "పది రోజులు మగ్గం ఆపా. మళ్లీ కూర్చున్నప్పుడు కొలత తప్పా."

రిసెప్షన్ బల్ల దగ్గరున్న అమ్మాయి మేమెవరమో తెలుసుకుని గబగబా లేచి వచ్చింది. "మీరు నేసిందా అండీ? రోజంతా దాన్నే చూస్తుంటాను. ఆ చార మధ్యలో మెట్టులా దిగడం భలే ఉంటుంది!"

"మెట్టు కాదు తల్లీ. తప్పు."

నేను ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "బాబాయ్, ఏడాదిగా ఎవరూ కనిపెట్టలేదు. ఊరుకోరాదూ?"

"నేను కనిపెట్టాగా," అన్నాడు.

ఈలోగా భవనం చూసుకునే మేనేజరు వచ్చాడు. విషయం విని నవ్వేశాడు. "మేమంతా డిజైనే అనుకున్నామండీ. అలాగే ఉండనివ్వండి. అది మార్చాలంటే పరంజా కట్టించాలి."

"కట్టిద్దురుగాని బాబూ. నాలుగోది మళ్లీ నేసి పంపిస్తా. నూలు కూడా నాదే. పక్క పట్టీలో చార ఎంత ఎత్తులో ఉందో కొలిచిస్తే చాలు."

మేనేజరు తానే రెండో అంతస్తు వరండాలోకి వెళ్లి పైనుంచి టేపు జారవిడిచాడు. కింద చివర బాబాయి పట్టుకున్నాడు. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి, మొదటిసారి తలెత్తి ఆ గోడను చూశారు. కొలత నేను కాగితం మీద రాసుకున్నాను. ఆ తర్వాత మేనేజరు మమ్మల్ని లిఫ్టులో ఇరవయ్యో అంతస్తుకు తీసుకెళ్లి క్యాంటీన్లో భోజనం పెట్టించాడు. బాబాయి అద్దానికి నుదురు ఆనించి కింద చీమల్లా పాకే కార్లను చూస్తూ పెరుగన్నం సగంలో మర్చిపోయాడు.

తిరిగొచ్చాక నెల లోపే కొత్త పట్టీ నేశాడు. ఈసారి కట్టేసి పంపేయలేదు. బడి తాళాలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి, వరండా కడిగించి ఆ చివర నుంచి ఈ చివరకు పరిచాం. ఆయన చెప్పులు విడిచి, పక్కనే నడుస్తూ, నాలుగుసార్లు టేపు పెట్టి చూశాడు. పార్సిల్ వెళ్లిన మూడు వారాలకు రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆదివారం మార్చారు మేడమ్. ఇప్పుడు గీత తిన్నగా ఉంది. పొద్దున్న వచ్చి చూస్తే గోడ ఇంకా వెడల్పయినట్టనిపించింది." ఆ మాట చెబితే బాబాయి మగ్గం ఆపకుండానే తలూపాడు.

ఆ మేడ గొప్పంతా ఎత్తులోనే ఉంటుందనుకుని బయల్దేరాను. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ జానెడు తేడా. పిల్లల లెక్కలు దిద్దేటప్పుడు ఒక్కోసారి తొందరలో నేనూ చిన్న తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేసేదాన్ని. ఆ ప్రయాణం తర్వాత వదలలేకపోతున్నాను. మీరూ ఇలాంటి ఆఫీసు మేడ చూడాలనుకుంటే ఒక్క సంగతి మర్చిపోకండి: రెండు రోజుల ముందే ఫోన్ చేసి, గేటు దగ్గరి జాబితాలో మీ పేరు రాయించుకోండి, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు వెంట పెట్టుకోండి. అవి లేకపోతే అద్దాలను బయటి నుంచే చూసి రావాలి.