మా అత్తకు అందని రొట్టె

మా మేనత్త అమ్మవారి గుళ్ళో కొబ్బరికాయ కొట్టిందని మా చర్చి సంఘంలో నిలబెట్టి అడిగింది నేనే. వేరెవరో కాదు. పాస్టరు అయ్యగారు కూడా కాదు, ఆయన పాపం "పోనీలెండి మాస్టారూ, నేను ఇంటికెళ్ళి నెమ్మదిగా మాట్లాడతాను" అన్నారు. నేనే ఒంటికాలి మీద లేచాను. "సొంత మనిషని వదిలేస్తే రేపు ఇంకొకళ్ళని ఏ మొహం పెట్టుకుని అడుగుతామండీ?" అన్నాను. ఎంత బాగా మాట్లాడానో! తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆకివీడుకి కాస్త ఇవతల, చేపల చెరువుల మధ్య మా ఊరు. మా ముత్తాతల కాలంలో మిషను దొరలు కట్టించిన చర్చి మాది. నా ఐదో ఏట అమ్మ పోతే నన్ను పెంచింది ఈ అత్తే, మా నాన్న చెల్లెలు. అప్పటికే భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు. ఊడ్పులకెళ్ళేది, కోతలకెళ్ళేది. పొలాలన్నీ చెరువులయ్యాక చేపల ప్యాకింగుకెళ్ళేది. ఐసులో పనిచేసి చేసి చేతులెప్పుడూ పాలిపోయి ఉండేవి. ఆదివారం పొద్దున్న మాత్రం నిమ్మచెక్కతో రుద్దుకుని, నీచు వాసన పోయిందో లేదో నా చేత చూపించుకుని మరీ చర్చికి బయలుదేరేది.

ఇప్పుడు కాగితం సంగతి చెప్పాలి. మేం ఎస్సీలం. చర్చికెళ్తున్నామని రాయించుకుంటే ఆ కులం కాగితం రాదు, రిజర్వేషను పోతుంది. అందుకే మా పేటలో ప్రతివాడికీ రెండు పేర్లు, బాప్తిస్మంలో ఒకటి, బళ్ళో ఒకటి. చర్చి పుస్తకంలో క్రైస్తవులం, సర్టిఫికెట్లో హిందువులం. దీన్ని తప్పని పేటలో ఎవరూ అనుకోలేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు మమ్మల్ని చూసే చూపు మారిందా? నేనూ తప్పనుకోను, ఇప్పటికీ అనుకోను. నా సిగ్గు దానికి కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను టీచరు ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. నాన్న అప్పటికే పోయాడు. సర్టిఫికెట్టు కోసం మండలాఫీసుకి అత్తే నాతో వచ్చింది. అక్కడి ఆఫీసరు కళ్ళజోడు పైనుంచి చూసి "చర్చికెళ్తారంట కదమ్మా?" అన్నాడు. నేను చేతిలో కాగితాలు సర్దుకుంటున్నాను. అత్త పక్కనున్న ఆవిడని "ఏవండీ, ఒక బొట్టుబిళ్ళ ఉంటే ఇస్తారా?" అని అడిగి, తీసుకుని, అందరి ముందూ నుదుట అంటించుకుంది. "లేదండీ. ఆ యేసు ఎవరో మేం ఎరగమండీ. మేం హిందువులమేనండీ" అంది. పుట్టాక ఎన్నడూ బొట్టు పెట్టని మనిషి. సంతకం అయిపోయింది. నాకు ఉద్యోగం వచ్చింది, నల్లజర్ల అవతల మొదటి పోస్టింగు, తర్వాత తాడేపల్లిగూడెం దగ్గరకి బదిలీ. తిరుగు బస్సులో అత్త ఆ బిళ్ళ తీసి కిటికీలోంచి పారేసి, దిగేదాకా నుదురు కొంగుతో రుద్దుకుంటూనే ఉంది. నాకు ఆకలేస్తోందని నేను మాత్రం విసుక్కున్నాను.

ఉద్యోగస్తుణ్ణయ్యాను కదా, నాలుగేళ్ళు తిరక్కుండానే సంఘపెద్దని చేశారు. ప్రతి ఆదివారం బస్సెక్కి తగుదునమ్మా అని వచ్చి ముందు కుర్చీలో కూర్చునేవాణ్ణి. గురివింద తన కింద నలుపెరగదంటారు. నేను ఎరుగుదును. ఎరిగే కూర్చున్నాను.

ఇక కొబ్బరికాయ. అత్త ముప్ఫయ్యేళ్ళు ఊడ్చిన పొలం ఒక రైతుగారిది. మనవడికి టైఫాయిడ్ వస్తే ఆయన భార్య కొల్లేటి లంకలో ఉన్న అమ్మవారికి మొక్కుకుంది. పిల్లాడికి తగ్గింది, ఈలోగా ఈవిడకి మోకాళ్ళు పట్టేశాయి. ఇంట్లో మరో ఆడదిక్కు లేదు. అత్తని పిలిచి, చీర, పసుపుకుంకుమలు, కొబ్బరికాయ చేతిలో పెట్టి ఏడ్చిందట. అత్త పడవెక్కి వెళ్ళి, ఆవిడ పేరు చెప్పి కాయ కొట్టించి, ప్రసాదం తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. అంతే జరిగింది. చూసిందెవరయ్యా అంటే, ఆ తీర్థంలో జీళ్ళ కొట్టు పెట్టుకున్న మా సంఘపెద్దే ఇంకొకాయన. "మరి మీరెందుకెళ్ళారండీ?" అని అయ్యగారు అడిగితే "నేను వ్యాపారానికెళ్ళానండీ, ఆవిడ పూజకెళ్ళింది" అన్నాడు. నవ్వాల్సిన మాట. ఎవరూ నవ్వలేదు, నేనసలు నవ్వలేదు. సొంతవాళ్ళని వెనకేసుకొస్తే, ఈయన తిరిగి నా కులం కాగితం సంగతి ఎత్తుతాడేమోనని భయం. అందుకే అందరికంటే గట్టిగా అరిచాను.

మూడు నెలలు బల్లకు దూరం అని తీర్మానం రాశాం. బల్లంటే ప్రభువు బల్ల, నెల మొదటి ఆదివారం ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. మూడు నెలలయ్యాక సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ ఇస్తారు. ఆ మూడు ఆదివారాలూ అత్త ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చి ఆఖరి వరసలో కూర్చుంది. రొట్టె పళ్ళెం నా చేతిలో ఉండేది. ఆమె ముందు ఆగకుండా పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి. ఛీ, ఏం మనిషినో!

గడువు తీరాక ఇంటికెళ్ళి "అత్తా, ఒక్కసారి నిలబడి తప్పైపోయిందని చెప్పు, అయిపోతుంది" అన్నాను.

"ఏది తప్పురా?" అంది. "నడవలేని మనిషి అడిగింది, నా కాళ్ళు బాగున్నాయి, వెళ్ళాను. అది తప్పని నాకనిపించట్లేదు. అనిపించనిది దేవుడి ఎదురుగా ఎలా అనను? ఆయనకామాత్రం తెలీదా?"

అత్త చేట పక్కన పెట్టింది. "ఆయన్నెరగనని నేనన్నది ఒక్కసారే. ఆఫీసులో. ఆ రోజు నుంచీ ప్రార్థనలో పాపాలు క్షమించమనే చోటికొచ్చేసరికి నోరు పెగలదు. అది ఒప్పుకోమను, ఈ ఆదివారమే ఒప్పుకుంటాను."

అప్పుడే పక్క మండలంలో ఒక టీచరు మీద ఇదే విషయమై ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళి విచారణ జరుగుతోంది. "అత్తా, నీకు దణ్ణం పెడతాను, ఆ మాట ఎత్తకు. నా ఉద్యోగం పోతుంది" అన్నాను. నిజంగానే చేతులు జోడించాను.

జోడించిన నా చేతులు విడదీసింది. "సరేలే, ఎత్తను. అన్నం తిని వెళ్ళు" అంది.

అలా అబద్ధం ఒప్పుకోలేక, నిజం నేను ఒప్పుకోనివ్వక, అత్త ఆ ఆఖరి వరసలోనే రెండేళ్ళు కూర్చుంది. తీర్మానం రద్దు చేద్దామని కమిటీలో నేనొక్కమాట అంటే చాలు. అనలేదు.

దేవుడు లేడని నాకెప్పుడూ అనిపించలేదు. ఉన్నాడనే నా బాధ. లేకపోతే హాయిగా ఉండేది, ఎవరికి జవాబు చెప్పాలి? మతం వేరు. అది మాలాంటి మనుషులు పెట్టుకున్న కమిటీ, దానికో రిజిస్టరు, ఒక మినిట్సు బుక్కు. మేలు చేయలేదనను, మా తాత అక్షరాలు దిద్దింది ఆ చర్చి అరుగు మీదే. కానీ ఆ బుక్కులో మా అత్త దోషి, నేను పెద్దని. దేవుడి దగ్గర కూడా అదే బుక్కు ఉంటుందని నమ్మేంత వెర్రివాణ్ణి కాను. అది తెలిసి కూడా నోరు మూసుకున్నాను చూడండి, దాన్నేమనాలో నాకు తెలీదు.

అత్తకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఏలూరు పెద్దాసుపత్రిలో పెట్టాం. మూడో రోజు మధ్యాహ్నం అయ్యగారు చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వచ్చారు. వెంట జీళ్ళ కొట్టు పెద్ద. అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, "పెద్దలు పెట్టింది పెద్దలే తీయాలి మాస్టారూ. మీరు ఊఁ అనండి చాలు, ఇచ్చేస్తాను" అన్నారు.

జీళ్ళ కొట్టాయన నన్నే చూస్తున్నాడు. ఏం చూశాడో, అసలు చూశాడో లేదో కూడా నాకిప్పుడు నమ్మకం లేదు.

"ఆవిడనే అడగండి" అన్నాను.

అయ్యగారు మంచం దగ్గరికెళ్ళి వంగారు. "అమ్మా, జరిగిందానికి తప్పైందని ఒక్కమాట అంటావా?"

అత్త ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు బళ్ళో ఎవరితోనో దెబ్బలాడి వచ్చి నేను చెప్పకుండా దాస్తుంటే చూసేదే, ఆ చూపు. నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇప్పుడొద్దులెండి అయ్యగారూ" అంది. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది, "ఒరేయ్, అయ్యగారు ఎండనపడి వచ్చారు. కాఫీ ఇప్పించు."

అయ్యగారు పెట్టె మూశారు. వాళ్ళిద్దర్నీ కిందకి తీసుకెళ్ళి గేటు దగ్గర కొట్టులో ముగ్గురికీ కాఫీ చెప్పాను. తాగాం. చక్కెర ఎక్కువైందని కొట్టువాడి మీద గట్టిగా అరిచాను. నా నోరు అక్కడ లేచింది. అత్త మర్నాడు పొద్దున్నే పోయింది.