పిల్లనిస్తామని తలుపు మీద రాశాను

నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. పిల్లి అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. అక్షరాలు నేను వెంటబడితే వచ్చాయి. పిల్లి నేను తరిమేస్తే వచ్చింది.

అప్పుడు మేము నంద్యాలలో చర్చి వెనక సందులో ఉండేవాళ్ళం. నేను పిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. మా ఆయన పత్తి మిల్లులో మూటలు మోసేవాడు. ఇద్దరికీ చదువు లేదు. నోరు మాత్రం ఇద్దరికీ ఉంది. ఉట్టి మీద డబ్బాలో దాచుకున్న ఎండుచేపలు రోజుకు రెండు చొప్పున మాయమవుతుంటే మొదట నేను మా ఆయన్ని తిట్టాను, తర్వాత కొడుకులిద్దర్నీ తిట్టాను. ఆఖరికి ఒక చారల పిల్లి దొరికింది.

మా వైపు పిల్లిని ఎవరూ చంపరు. చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానమియ్యాలని చెప్తారు. మాది యేసుప్రభువును నమ్ముకున్న కుటుంబం. మా తాత కాలంలోనే మతం మారాం. ఆ బంగారు పిల్లి భయం మాత్రం మారకుండా మా వెంటే వచ్చేసింది. కాశీ ఎటువైపో తెలియదు, బంగారం కొనే ముఖాలు కావు. అందుకని ఊరంతా కలిసి ఒక ఉపాయం కనిపెట్టుకుంది. పిల్లిని గోతంలో వేయడం, మూతి కట్టడం, దారి మరిచిపోవాలని మూడుసార్లు గిరగిరా తిప్పడం, కుందూ ఏరు అవతల విప్పి వదిలేయడం. ఆ తర్వాత ఆకలికి చస్తే దాని ఖర్మ. లారీ కింద పడితే డ్రైవరు ఖర్మ. మన చేతులు శుభ్రం.

నేనూ అదే చేశాను. డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం, హాస్టల్ బియ్యపు గోతం తెచ్చి, చారల పిల్లిని అందులో కుక్కి, వంతెన దాటి వదిలేసి వచ్చాను. మూడుసార్లు కాదు, కసికొద్దీ ఆరుసార్లు తిప్పాను. నాకే తల తిరిగింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే రొట్టెలు కాలుస్తుంటే గడప మీద కూర్చుని ఉంది. ఒక చెవి చీలింది. ముందుకాళ్ళు పగిలి రక్తం కట్టాయి. నన్ను చూసి పారిపోలేదు, గుర్రుమనలేదు. రొట్టె వైపు చూసింది. అంతే.

మా ఆయన ముఖం కడుక్కుంటూ చూసి నవ్వాడు. "నిన్ను ఆళ్ళగడ్డకు పుట్టింటికి పంపిస్తే నువ్వు గూడా ఇంత తొందరగా రాలేదు గదమే!"

సగం రొట్టె పాలలో నానబెట్టి పెట్టాను. దత్తత అని ఒక పెద్ద మాట ఉందని తర్వాత చదువుకున్నాను. ఆ రోజు జరిగింది మాత్రం నేను ఓడిపోవడం. ఎండుచేపల డబ్బాకు గట్టి మూత కొన్నాను. ఆ పని మొదటే చేసి ఉంటే కుందూ దాకా నడిచే శ్రమ తప్పేది.

పిల్లి ఉన్న చోట పిల్లలు పుడతాయి. రెండు ఈతలు చూశాక దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యమని అడిగాను. డాక్టరు నవ్వాడు.

"ఎద్దుకు చేస్తాం, పొట్టేలుకు చేస్తాం. పిల్లికి చెయ్యమని ఇంతవరకు ఎవురూ అడగలేదమ్మా."

"మొన్న మొన్నటి దాకా మా మొగోళ్ళను పట్టకపోయి చేస్తిరి గదప్పా, వాళ్ళేమన్నా అడిగినారా?"

ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. పని మాత్రం చెయ్యలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాను. మూడు నెలలకు మళ్ళీ నాలుగు పిల్లలు.

అవి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాక మా ఆయన తెగేసి చెప్పాడు. "మేయ్, ఇది ఇల్లా, సంతా? నెలాఖరు లోపల వీటిని ఎవురికన్నా ఇచ్చెయ్. లేకుంటే మిల్లు నుంచి గోతం నేనే తెస్తా." చెప్పినట్టే మర్నాడు ఒక గోతం తెచ్చి తలుపు వెనక మేకుకు తగిలించాడు కూడా. ఆ మేకు వైపు చూసినప్పుడల్లా చారల పిల్లి పగిలిన కాళ్ళు గుర్తుకొచ్చేవి. నేను తిప్పిన ఆరు తిప్పులూ గుర్తుకొచ్చేవి. దీని పిల్లల్లో ఒక్కటి కూడా గోతంలోకి పోకూడదని పట్టు పట్టాను.

ఒకటి తేలిగ్గానే పోయింది. మిల్లుకు వచ్చిన ఆళ్ళగడ్డ శెట్టి ఒకాయన, అంగట్లో ఎలకలు ఎక్కువైనాయని మా ఆయనతో అన్నాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి, వంకరతోక పిల్లను తువ్వాల్లో చుట్టుకుని పోయాడు. నేను ఒక్క మాట అడగలేదు. పీడా పోయిందనుకున్నాను. నిజం చెప్పడానికేం, అలాగే అనుకున్నాను.

ఇంక మూడు. అప్పటికి చర్చి వరండాలో పెద్దవాళ్ళకు చదువు చెప్తున్నారు. మా చిన్నోడి వయసు పిల్ల మా టీచరమ్మ. నన్ను పేరు పెట్టి పిలవలేక, తిట్టకుండా ఉండలేక ఆ పిల్ల పడిన అవస్థ అంతా ఇంతా కాదు. "ఒకే మాట రెండుసార్లు రాయొద్దమ్మా" అని నా పలక మీద రోజూ గీత కొట్టేది. ఇంట్లో అవసరమైన వాక్యం ఒకటి సొంతంగా రాసి తెమ్మంది. నాకు అవసరమేమిటో మేకుకు వేలాడుతూనే ఉంది. సుద్దముక్క తీసుకుని వీధి తలుపు మీద రాశాను:

మా ఇంట్లో పిల్లి పిల్లని ఇస్తాము. బాగా చూసుకునే వాళ్ళు రావలెను.

నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడి చూసుకున్నాను. నా బతుకులో మొదటిసారి సొంతంగా రాసిన మాట. అంతా బాగుంది గాని, ఒకే మాట రెండుసార్లు పడినట్టు కనిపించింది. పిల్లికి పైన ఉన్న ఆ రెండో గుడి, సుద్ద జారి పడిన గీత అనుకున్నాను. టీచరమ్మ చూస్తే కొట్టేస్తుందని అరచెయ్యి తడి చేసుకుని మొదటి మాటను శుభ్రంగా తుడిచేశాను.

మా ఇంట్లో పిల్లని ఇస్తాము.

నాకు ఇద్దరూ కొడుకులేనని సందంతా తెలుసు. సందుకు చదువు రాదు. చదువు వచ్చినవాళ్ళు మూడో రోజు చాగలమర్రి నుంచి దిగారు. పక్క వీధిలో బంధువుల ఇంటికి వచ్చారట. తెల్లపంచె కట్టిన పెద్దాయన ఒకడు, ఇస్త్రీ చొక్కా వేసిన కొడుకు ఒకడు.

"పిల్లనిస్తామని రాసినారు గదమ్మా. చూసి పోదామని వచ్చినాం" అన్నాడు పెద్దాయన.

నాకు ప్రాణం లేచొచ్చింది. "రాండప్పా, కూచోండి. ఇప్పుడే పాలు తాగి పండుకునింది. లేపేదా?"

"ఇంత పొద్దెక్కినాంక పండుకునిందా? ఒంట్లో బాగలేదా?"

"బాగుందప్పా. రాత్రంతా తిరుగుతాది, పగలంతా పండుకుంటాది. దాని జాతే అంత."

కొడుకు తండ్రి ముఖం చూశాడు. తండ్రి మంచం అంచు మీద సర్దుకుని, మర్యాద పోకుండా అడిగాడు. "రంగు ఎట్లుంటాదమ్మా?"

"నలుపు. కడుపు మాత్రం తెలుపు."

కొడుకు దగ్గాడు. నా వంతు వచ్చింది కదా అని నేనూ అడిగాను. "మీ ఇంట్లో కుక్కుండాదా?"

"ఉండాది. కొత్తోళ్ళను కరుస్తాది గాని ఇంటి మనిషిని ఏమనదు."

"ఎలకలుండాయా?"

"పల్లెటూర్లో ఎలకలుండవా తల్లీ? ఏం, మీ పిల్లకు ఎలకలంటే భయమా?"

"భయమేందప్పా! పట్టుకోని తింటాది."

ఆ మాటకు లోపల సంగటి తింటున్న మా ఆయనకు పొరబోయింది. దగ్గుతూ, నవ్వుతూ, చెయ్యి కడుక్కోకుండానే బయటికొచ్చాడు. "మేయ్ పిచ్చిదానా, వాళ్ళు పెండ్లి సంబంధానికి వచ్చినారే!" సరిగ్గా అప్పుడే పిల్లిపిల్ల నిద్ర లేచి వచ్చి పెండ్లికొడుకు చెప్పులు వాసన చూసింది.

పెద్దాయన మంచివాడు. కోపం తెచ్చుకోలేదు. తొడ చరుచుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. కొడుకు మాత్రం తలుపు మీది రాతను, నన్ను మార్చి మార్చి చూశాడు. టీ పెట్టి ఇచ్చాను. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి, "ఎట్లాగూ వచ్చినారు గదా, ఒకదాన్ని తీస్కపోండప్పా" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మా ఇంట్లో కుక్కుందని చెప్తి గదమ్మా. అయినా ఇస్తానంటివి. ఇల్లు చూడకుండా ఎవురన్నా పిల్లనిస్తారా?"

ఆయన తమాషాకే అన్నాడు. నాకు మాత్రం ముల్లులా దిగింది. వంకరతోకదాన్ని నేను ఇల్లు చూసి ఇచ్చానా? ఆళ్ళగడ్డలో ఆ అంగడి ఏ వీధిలో ఉందో కూడా అడగలేదే! గోతం లేకుండా వదిలించుకున్నాను, అంతే తేడా.

సోమవారం హాస్టల్లో ఒంట్లో బాగాలేదని చెప్పి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. నా పుట్టిన ఊరే గనుక శెట్టి అంగడి పట్టుకోవడం కష్టం కాలేదు. బియ్యం, వేరుశెనగ బుడ్డలు, బెల్లం అమ్మే అంగడి. ఏదీ మా పిల్ల అని అడిగితే వెనక గది చూపించాడు. బియ్యం మూటకు పురికొస తాడు, తాడు చివర వంకరతోకది. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రగా కమిలి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. దానికి రెండు జానల దూరంలో ఒక పందికొక్కు తీరిగ్గా బుడ్డలు ఒలుచుకుంటోంది. అది మా పిల్లకంటే పెద్దది.

"ఏమప్పా శెట్టీ, దీనికి బువ్వ పెడతాండావా?"

"పిల్లికి బువ్వ పెడితే ఎలకల్ని యాడ పడతాదమ్మా? ఆకలుంటేనే గదా పట్టేది" అన్నాడు. మోసం చేసేవాడి గొంతు కాదది. వాళ్ళ నాయన చెప్పింది, వాళ్ళ తాత చెప్పింది చెప్తున్నాడు.

"నువ్వు కడుపుకు తినే గదా అంగట్లో కూచుండావు? లేకుంటే ఆకలైతేనే తూకం సరిగ్గా తూస్తావా?"

బెల్లం కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. శెట్టికి రోషం వచ్చింది.

"ఇచ్చిన పిల్లని మల్లా అడుగుతారా ఎవురన్నా?"

"కాపురం బాగలేకుంటే మీ ఇండ్లల్లో తీస్కపోరా? మా ఇండ్లల్లో తీస్కపోతాం."

లోపల గడప దగ్గర కూర్చున్న వాళ్ళమ్మ కేకేసింది. "పంపీరా నాయనా! దాని ఏడుపు ఇనలేక నాకు బువ్వ దిగడంలే."

శెట్టి బెల్లం కోసే కత్తితో తాడు తనే తెంపాడు. ఒక కొత్త గోతం తీసి నా ముందర పడేశాడు. "దీంట్లో ఏసి మూతి కట్టు. బస్సులో దూకుతాది."

గోతాన్ని తాకలేదు. పిల్లను ఒడిలో వేసుకుని, కొంగు చుట్టి బస్సెక్కాను. కండక్టరు వచ్చాడు.

"ఏందమ్మా ఒడిలో?"

"పిల్ల."

"ఎన్నేండ్లు?"

"రెండు నెలలు."

"అయితే టికెట్ లేదులే" అని రెండడుగులు వేశాడో లేదో, ఒడిలోంచి మ్యావుమంది. వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. "మీ ఇంటాయన పోలికా?" అని ముందుకు పోయాడు. బస్సంతా నవ్వింది.

ఇంటికి తెస్తే చారల పిల్లి సంతోషపడుతుందనుకున్నాను. వాసన చూసి ఛీమని పంజా విసిరింది. పిల్లులకు మన కథలు పట్టవు. మా ఆయన మాత్రం దాన్ని ఎత్తుకుని, తాడు కోసుకుపోయిన మెడను వేలితో తడిమాడు. మూటల తాళ్ళు ఆయన భుజం మీద కూడా అట్లాంటి గీతలే వేశాయి.

"దీన్ని ఎవురికీ ఇయ్యొద్దులే" అన్నాడు.

అది పదకొండేళ్ళు మాతోనే ఉంది. మిగిలిన మూడింటిలో ఒకటి టీచరమ్మ వాళ్ళింటికి, ఒకటి మా హాస్టల్ వంటింటికి పోయాయి. హాస్టల్ వంటిల్లు నాదే అయినా పాలు పెట్టే గిన్నె ఎక్కడుంటుందో చూసిగాని ఇయ్యలేదు. మూడోది, కడుపు తెల్లది, మంచి ఇల్లు దొరికేదాకా చాలా రోజులు ఆగింది. ఒక ఇంట్లో బావికి గట్టు లేదని వద్దన్నాను. ఇంకో ఇంట్లో, "ఊరికి పోతే దీనికి తిండి ఎవురు పెడతారు?" అని అడిగితే, "అదే తెచ్చుకుంటాది" అన్నారు. లేచి వచ్చేశాను. నాకు పిల్లుల పేరమ్మ అని పేరు పెట్టారు. పెట్టనీ. ఎనభైల నడుమ పశువుల ఆసుపత్రికి కొత్తగా ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. అడగ్గానే చారల పిల్లికి ఆపరేషన్ చేశాడు. అప్పటికది ముసలిదైంది. ఆలస్యమే గాని, నా అక్షరాలకంటే ఎక్కువ ఆలస్యం కాదు.

ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన మర్నాడే టీచరమ్మ మా తలుపు చూసి, నవ్వు ఆపుకుని, పిల్లికీ పిల్లకీ ఉన్న ఆ రెండో గుడి తేడా వేలు పెట్టి చూపించింది. సుద్దముక్క తీసుకుని మళ్ళీ రాశాను. ఈసారి దేన్నీ తుడవలేదు.

మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏం రాసినావే?"

వేలు పెట్టి చదివి వినిపించాను. "ఇల్లు చూసి పిల్లి పిల్లని ఇస్తాము. గోతంతో వచ్చే వాళ్ళు రావద్దు."

కాసేపు తల గీరుకున్నాడు. "ఈసారి ఈ ఇంటికి గోతంతో వచ్చింది నేనొక్కన్నే గదమే."

"అందుకే రాసినా" అన్నాను. "ముందర నువ్వే లోపలికి పోయి ఆ మేకు మీదిది తీసెయ్."