రిపేరు తాతగారు

ఎముకల ఆసుపత్రి వరండాలో రిపేరు తాతగారిని ఎరగనివారు లేరు. ఎక్కడో వేయించుకున్న కృత్రిమ తుంటికీలు వదులైపోతే, ఇక్కడ దాన్ని తీసి కొత్తది వేశారు. అప్పటినుంచి పరీక్షకు రమ్మన్నప్పుడల్లా అందరికంటే ముందే వచ్చి, కాలు చాపుకుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంటాడు. మొదటిసారి మోకాలు మార్పించుకునేవాళ్లు ఆయన లెక్కలో పసిపిల్లలు. "ఒక్క ఆపరేషన్‌కేనా ఇంత ఏడుపు?" అంటాడు. ఎముకలో కణితితో వచ్చినవాళ్లకు మాత్రం తనంతట తానే లేచి చోటిస్తాడు. వాళ్లొక్కరే తనకన్నా సీనియర్లని ఒప్పుకుంటాడు.

మొన్న డాక్టరు ఎక్స్‌రే చూసి, "బ్రహ్మాండంగా కుదురుకుంది తాతగారూ. ఇక కర్ర పారేయండి, ఏడాదిదాకా నా మొహం చూడక్కర్లేదు" అన్నాడు. తాతగారి ముఖం వాడిపోయింది. "సరిగ్గా చూడండి బాబూ, పడుకుంటే లోపల కిర్రుమంటోంది" అని బతిమాలాడు. "అది మంచం, డాక్టరుగారూ" అంది భార్య. బయటికి వచ్చేసరికి ఆయన కుంటు రెట్టింపయింది. మోకాలి దగ్గర కణితిని మర్నాడు తీయించుకోబోతున్న అమ్మాయి, "ఏమన్నారు తాతగారూ?" అని బిక్కుబిక్కుమంటూ అడిగింది. వరండా అంతా చెవులు రిక్కించింది. భార్య నోరు తెరవబోతే చేత్తో ఆపి, ఆ పిల్ల ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత నేరం ఒప్పుకుంటున్నవాడిలా గొంతు తగ్గించి, "బాగైపోయిందమ్మా" అన్నాడు.